ఊపిరి తీసుకోని వాద్యాన్ని ఎలా వినాలి?

రాయగడ నుంచి ఒక అబ్బాయి అడిగిన ప్రశ్న ఇది. కాగితం మిల్లులో రాత్రి షిఫ్టు ఉద్యోగం. సినిమా పాటల మధ్యలో వచ్చే సింథసైజర్ ముక్కలంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం. మాటలు లేని ఎలక్ట్రానిక్ ఆల్బమ్‌లు మొదటి నుంచి చివరిదాకా వినాలని కోరిక పుట్టి, స్నేహితుడు ఇచ్చిన జాబితాలో రెండు మొదలుపెట్టాడు. పది నిమిషాలకల్లా వాయించిందే వాయిస్తున్నారనిపించి ఆపేశాడు. లోపం నాదా, ఆ ఆల్బమ్‌లదా? నాలాంటివాడు ఎక్కడ మొదలుపెట్టాలి? ఇదీ అతని సందేహం.

బాబూ, లోపం ఎవరిదీ కాదు. మీ చెవి ఊపిరి కోసం ఎదురుచూస్తోంది. ఈ మాట నా సొంతం కాదు. ఒక సన్నాయి విద్వాంసుడు నా నెత్తిన పెట్టిన మాట. ఆ సంగతి చెప్పకుండా ఆల్బమ్‌ల పేర్లు ఇస్తే మీ స్నేహితుడి జాబితాకు నాది ఇంకొక నకలు అవుతుంది.

నేను బరంపురంలో ముప్పై ఏళ్లు ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయించాను. ఒడియావాళ్లు మెలోడీ అంటారు, మనవాళ్లు ఆర్కెస్ట్రా అంటారు, పని ఒకటే. ఊరి అమ్మవారి ఠాకురాణి యాత్ర రోజుల్లో ఒకే వేదిక మీద ఒడియా పాట, తెలుగు పాట, హిందీ పాట వరసగా పడేవి. అందులో కీబోర్డు మనిషి ఉద్యోగం చాలా విచిత్రమైనది. రానివాళ్లందరి బదులూ అతనే హాజరు వేయించుకోవాలి. ఫ్లూటు మనిషికి ఇవ్వడానికి డబ్బు లేదా, కీబోర్డులో ఫ్లూటు నొక్కు. వయొలిన్ల గుంపు కావాలా, ఇంకో మీట నొక్కు. వీణ, సితార్, షెహనాయ్ అన్నీ నేనే. కీబోర్డుకు తనదంటూ ఒక గొంతు ఉంటుందని ఎవరికీ తోచలేదు. ఒకసారి సరదా పుట్టి దాని సొంత గొంతులో ఒక ముక్క వాయిస్తే, మా బృందం నాయకుడు వేదిక దిగాక గట్టిగా మందలించాడు. దెయ్యాల సినిమా అనుకున్నావా అన్నాడు.

పర్లాకిమిడి దగ్గర ఒక పెళ్లి. ముహూర్తానికి సన్నాయి మేళం, రాత్రి భోజనాల వేళకు మేము. నేను కీబోర్డులో సన్నాయి గొంతు పెట్టి ఒక కీర్తన వాయిస్తుంటే, ఉదయం మేళం వాయించిన పెద్దాయన వేదిక పక్కన కుర్చీ వేసుకొని అరగంట విన్నాడు. దిగి వచ్చాక అడిగాడు: "బాగుంది నాయనా. మరి ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నావు?"

ఎగతాళి అనుకొని ముఖం మాడ్చుకున్నాను. ఆయనది ఎగతాళి కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. సన్నాయి ఊదేవాడి దమ్ము ఎక్కడ అయిపోతుందో పాటలో వాక్యం అక్కడ విరుగుతుంది, వినేవాడు కూడా తెలియకుండానే అక్కడ గాలి పీల్చుకుంటాడు, నువ్వు ఎక్కడా విరవకపోతే వినేవాడికి ఉక్కిరిబిక్కిరి కాదా అన్నాడు. తర్వాత ఆయనే ఇంకో మాట అన్నాడు. శ్రుతి ఊదేవాడు బుగ్గల్లో గాలి నిలుపుకొని ముక్కుతో పీలుస్తాడు, గంటసేపైనా అది తెగదు, అయినా దాన్ని విని విసుగు పుట్టిందని ఎవరూ అనరు, ఎందుకంటే అది మారాలని ఎవరూ ఎదురుచూడరు అని.

మీ పది నిమిషాల విసుగుకు నా దగ్గరున్న జవాబు అంతా ఇందులోనే ఉంది. మీరు విన్న ఆల్బమ్‌లలో సీక్వెన్సర్ అనే పరికరం ఎనిమిదో పదహారో స్వరాలను తిప్పి తిప్పి పలికిస్తూ ఉంటుంది. దాన్ని పల్లవి అనుకొని వింటే చరణం ఎప్పుడొస్తుందా అని గుండె కొట్టుకుంటుంది. చరణం రాదు. అలాగని దాన్ని ఒట్టి శ్రుతి అనుకొని వదిలేస్తే అసలు సంగతి జారిపోతుంది. అది మెల్లగా గొంతు మార్చుకునే శ్రుతి.

ఒక చిన్న పని చేయండి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఒకే శ్రుతిలో 'ఊ' అని మొదలుపెట్టి, స్వరం కదల్చకుండా 'ఓ' మీదుగా 'ఆ'కు, అక్కడి నుంచి 'ఈ'కి రండి. స్వరం ఒక్కటే, మారింది నోటి ఆకారం. అందుకే శబ్దం ముందు మూసుకుపోయినట్టుండి తర్వాత తెరుచుకుంటుంది. సింథసైజర్‌లో ఈ నోటి పని చేసేదాన్ని ఫిల్టర్ అంటారు. లోపల ఆసిలేటర్ ముతకగా, పదునుగా ఒక శబ్దాన్ని పుట్టిస్తుంది. ఫిల్టర్ అందులోని పై పొరలను కోసి, మెత్తబరిచి, మళ్లీ వదులుతుంది. ఆ ఫిల్టర్‌ను తిప్పే నాబ్ మీద చెయ్యి పెట్టి కూర్చున్న మనిషే అక్కడ విద్వాంసుడు. స్వరాలు యంత్రానికి అప్పజెప్పాడు. ఊపిరి మాత్రం తన చేతిలో ఉంచుకున్నాడు. ఇది పట్టుబడితే తక్కిన పేర్లు మీరే వెతుక్కోగలరు.

పేర్ల ముందు ఒక గొడవ తేల్చుకుందాం. ఫోను స్పీకరులో ఇవి వినవద్దు. మంద్రస్వరాలు దానికి పలకవు. ఈ సంగీతంలో సగం బరువు అక్కడే ఉంటుంది కాబట్టి మీకు మిగిలేది పైన కిచకిచ మాత్రమే. రెండు చెవులకూ పెట్టుకునే మామూలు తీగ ఇయర్‌ఫోను చాలు, ఖరీదైనది అక్కరలేదు. శబ్దం ఎడమ చెవి నుంచి కుడి చెవికి నడిచి వెళ్లడం ఈ ఆల్బమ్‌లలో చాలా చోట్ల రచనలో భాగం. ఇంకొకటి, షిఫ్టులో వింటానని రాశారు. పెద్ద యంత్రాల మధ్య చెవులు మూసుకొని తిరగడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. డ్యూటీ దిగాక వినండి.

మొదటిది బొంబాయి నుంచి. చరణ్‌జిత్ సింగ్ అనే ఆయన సినిమా వాద్యబృందాల్లో గిటారు, బేస్ (మంద్రస్వరాల గిటారు), కీబోర్డు వాయించిన మనిషి, అంటే నా వృత్తివాడే, నాకంటే ఎన్నో మెట్లు పైన. 1982లో 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్' అని ఒక రికార్డు చేశాడు. పేరులో ఏముందో లోపలా అదే. పది హిందుస్తానీ రాగాలు, కింద ఆగని డిస్కో దరువు. అప్పుడది పెద్దగా అమ్ముడు పోలేదు. 2010లో నెదర్లాండ్స్‌లోని ఒక చిన్న సంస్థ మళ్లీ వేశాక ప్రపంచమంతా చెవులు రిక్కించింది. ఆయన 2015లో పోయాడు. అప్పటికి నాలుగైదేళ్లపాటు ఆ కీర్తి చూసే భాగ్యమైనా దక్కింది.

ఎందుకు చెవులు రిక్కించిందో చెప్పాలంటే ఆయన వాడిన రోలాండ్ టీబీ-303 అనే చిన్న వెండిరంగు పెట్టె కథ చెప్పాలి. తోడుగా బేస్ వాయించేవాడు లేని గిటారు మనిషి ఒంటరిగా సాధన చేసుకోవడానికి పనికొస్తుందని దాన్ని 1981లో అమ్మకానికి పెట్టారు. గమనించారా, అదీ నాలాగే లేనివాడి బదులు పుట్టింది. ఆ ఉద్యోగంలో ఘోరంగా తప్పింది. బేస్ గిటారులా అది ఏ కోశానా వినిపించదు. 1984కల్లా తయారీ ఆపేశారు. అవి పాత సామాన్ల కొట్లలో చవగ్గా దొరుకుతుంటే షికాగో కుర్రవాళ్లు కొనుక్కొని, బేస్ సంగతి మరిచిపోయి, ఫిల్టర్ నాబ్ తిప్పుతూ కూర్చున్నారు. అందులోంచి బురదలో కాలు లాగినట్టు, గొంతులో నీళ్లు పుక్కిలించినట్టు ఒక శబ్దం వచ్చింది. 1987లో ఫ్యూచర్ అనే బృందం వేసిన 'యాసిడ్ ట్రాక్స్'తో దానికి యాసిడ్ హౌస్ అని పేరు స్థిరపడింది. అంతకు ఐదేళ్ల ముందే, ఆ పేర్లేవీ పుట్టకముందే, బొంబాయిలో ఒక సర్దార్జీ అదే పెట్టెను, టీఆర్-808 అనే దరువుల యంత్రాన్ని, జూపిటర్-8 సింథసైజర్‌ను కలిపి రాగాలు వాయించి ఊరుకున్నాడు. కొత్త సంగీతం కనిపెట్టాలని ఆయన బయల్దేరలేదు. 303లో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే వీలుంది. ఆ జారుడు మన రాగానికి పనికొస్తుందని ఒక వాద్యగాడి చెవికి తట్టింది, అంతే.

మీకు లాభమేమిటంటే, ఇందులో రాగాలు మీకు ముందే తెలుసు. భూపాలీ అంటే మన మోహన స్వరాలే. మాల్కౌంస్ హిందోళం. యమన్ కల్యాణికి చుట్టం. వాళ్ల తోడి మన తోడి కాదు, శుభపంతువరాళి స్వరాలతో నడుస్తుంది. కలావతిలో వలజి, బైరాగిలో రేవతి వినిపిస్తాయి. రాగం చేయి పట్టుకొని నడిపిస్తుంటుంది కాబట్టి కింద యంత్రం ఏం చేస్తోందో గమనించే తీరిక చెవికి దొరుకుతుంది. ఒక్కొక్కటి సుమారు ఐదు నిమిషాలే. మొదటిసారి రాగం వినండి, రెండోసారి కేవలం కిందనున్న 303ను వినండి. నిజం చెప్పాలంటే పదీ వరసపెట్టి వింటే నాకూ తల బరువెక్కుతుంది. దరువు ఎక్కడా మారదు. రోజుకు రెండు చొప్పున వినండి.

రెండోది రైలు. జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ నగరానికి చెందిన బృందం పేరు క్రాఫ్ట్‌వెర్క్. ఆ మాటకు వాళ్ల భాషలో విద్యుత్కేంద్రం అని అర్థం. మా మేనమామ మాచ్‌ఖండ్‌లో పనిచేసిన రోజుల్లో ఒకసారి నన్ను లోపలికి తీసుకెళ్లాడు. టర్బైన్ల దగ్గర మొదట అంతా ఒకటే మోత. కాసేపు నిలబడితే మోతలో పొరలు విడిపోయి ఒకదాని మీద ఒకటి లయగా నడుస్తున్నట్టు తోచింది. మిల్లులో పనిచేసే మీకు ఈ ముక్క విడమరిచి చెప్పనక్కరలేదు. రాత్రి మూడు గంటల వేళ యంత్రం పాడుతున్నట్టు మీకూ అనిపించే ఉంటుంది. ఆ అనిపించడాన్ని వృత్తిగా చేసుకున్నవాళ్లు వీళ్లు.

వీళ్ల 'ఆటోబాన్' 1974లో వచ్చింది. రహదారి మీద కారు ప్రయాణమే గ్రామఫోను రికార్డులో ఒక పక్కంతా, ఇరవై రెండు నిమిషాలకు పైగా సాగుతుంది. చాలామంది అక్కడ మొదలుపెట్టమంటారు. నేను వద్దంటాను. 1977 నాటి 'ట్రాన్స్ యూరప్ ఎక్స్‌ప్రెస్' ముందు వినండి. అప్పట్లో ఐరోపా దేశాల మధ్య నడిచిన రైళ్ల పేరు అది. రెండో పక్కలో పట్టాల చప్పుడు దరువుగా మొదలై, మధ్యలో ఇనుము మీద ఇనుము కొట్టినట్టు మారి, తర్వాత ఎక్కడో మెత్తబడుతుంది. మీకు అవకాశం మీ ఊళ్లోనే ఉంది. రాయగడ నుంచి కోరాపుట్ వెళ్లే బండిలో కిటికీ పక్కన కూర్చొని ఈ పక్క వినండి. సొరంగంలోకి పోయినప్పుడు బయటి చప్పుడు లోపలి చప్పుడుతో కలిసిపోతుంది, బయటికి రాగానే మళ్లీ విడిపోతుంది. నేను రెండుసార్లు ఇందుకోసమే టికెట్టు కొన్నాను. మా ఇంట్లో కోరాపుట్‌లో పని ఉందని చెప్పాను.

న్యూయార్కులో ఆఫ్రికా బంబాటా అనే డీజే 1982లో 'ప్లానెట్ రాక్' చేసినప్పుడు ఈ రైలు స్వరాన్నే తీసుకున్నాడు. నల్లజాతి యువకుల నాట్యశాలల్లోకి జర్మన్ల రైలు అలా వెళ్లింది. 1981 నాటి 'కంప్యూటర్ వరల్డ్' కూడా విని తీరాలి. జేబు కాలిక్యులేటర్ మీద ఒక పాట ఉంది అందులో. జర్మన్‌లో, ఇంగ్లిష్‌లో, ఫ్రెంచిలో, జపనీస్‌లో దాన్ని వేరువేరుగా పాడి విడుదల చేశారు. ఒకే వేదిక మీద మూడు భాషలు పాడించిన బరంపురం వాళ్లకు ఇది వింత కాదు.

మూడోది మీరు ఆపేసిన రెండింటిలో ఒకటని నా అనుమానం, ఎందుకంటే ప్రతి జాబితాలోనూ అదే ముందుంటుంది. టాంజరిన్ డ్రీమ్ అనే బెర్లిన్ బృందం చేసిన 'ఫేడ్రా', 1974. ముగ్గురు మనుషులు. ఆల్బమ్ పేరే పెట్టిన మొదటి భాగం పదిహేడు నిమిషాలు. దాన్ని ఇంగ్లండులో ఒక పాత బంగళా స్టూడియోలో రికార్డు చేశారు. ఆ రోజుల్లో మూగ్ సింథసైజర్ అంటే గోడంత బీరువా. లోపలి భాగాలు వేడెక్కితే ఆసిలేటర్లు శ్రుతి తప్పేవి. ఆ పదిహేడు నిమిషాల్లోనే అది జరిగింది. నడుస్తూ ఉండగా స్వరం మెల్లగా పక్కకు జరిగిపోవడం, మళ్లీ దారిలోకి రావడం రికార్డులోనే వినిపిస్తుంది. వాళ్లు దాన్ని పారేయలేదు, అలాగే విడుదల చేశారు.

ఈ సంగతి చదివాకే నాకు ఆ ఆల్బమ్ మీద మనసు నిలిచింది. మా వైపు వైశాఖంలో ఆరుబయట కచేరీ అంటే తబలా మనిషి పాటకూ పాటకూ మధ్య సుత్తి పట్టుకోవాల్సిందే. హార్మోనియం ఒకవైపు, వయొలిన్ ఇంకోవైపు పోతాయి. శ్రుతి తప్పడం, కూడదీసుకోవడం మన చెవికి ప్రాణమున్న వాద్యం లక్షణం. అది యంత్రంలో వినిపించేసరికి బీరువాకు చెమట పట్టినట్టు తోచి జాలి వేసింది. ఈసారి 'ఫేడ్రా' పెట్టినప్పుడు రాగం వెతకవద్దు, తాళం వెతకవద్దు. తిరుగుతున్న ఆ స్వరాల గుంపు ఎప్పుడు 'ఊ' అంటోంది, ఎప్పుడు 'ఆ' అంటోంది, అంత మాత్రమే గమనించండి. పది నిమిషాలు దాటతారు. నచ్చితే మరుసటి ఏడాది వచ్చిన 'రూబికాన్' వినండి. పనితనంలో అదే మేలని నేను అంటాను. పక్కకు ఒకటి చొప్పున రెండే భాగాలు.

మధ్యలో కాస్త తేలికైనది ఉండాలి కదా. ఫ్రాన్సు మనిషి జాన్ మిషెల్ జార్ 1976లో ఇంట్లోనే చిన్న స్టూడియో అమర్చుకొని చేసిన 'ఆక్సిజెన్' అందుకు సరిపోతుంది. ఆరు భాగాలు, పేర్లు లేవు, అంకెలే. చాలా రికార్డు కంపెనీలు వద్దన్నాక ఒక చిన్న సంస్థ వేసింది, అది దేశదేశాల్లో అమ్ముడుపోయింది. నాలుగో భాగం మీరు ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. మీకు విసుగు పుట్టదు. అంతకు మించి దాని గురించి చెప్పడానికి నా దగ్గర లేదు. నిమ్మసోడా లాంటిది, దాహం తీరుస్తుంది.

వాంజెలిస్ సంగతి వేరు. గ్రీకు మనిషి, స్వరలిపి చదవడం రాదు, చెవితోనూ చేత్తోనూ పని. ఆయన వాడిన యమహా సీఎస్-80 అనే వాద్యం సుమారు నూరు కిలోల బరువు. ఇద్దరు ముగ్గురు ఎత్తితే గాని వేదిక ఎక్కదు. మా ఆర్కెస్ట్రా వ్యాను మనిషి చూస్తే దండం పెట్టి వెళ్లిపోయేవాడు. కానీ అందులో ఒక మహిమ ఉంది. మామూలు కీబోర్డులో మీట నొక్కాక ఇక మన చేతిలో ఏమీ ఉండదు. ఇందులో నొక్కిన తర్వాత కూడా వేలి ఒత్తిడిని బట్టి ఒక్కొక్క స్వరం విడివిడిగా స్పందిస్తుంది. పైన ఒక పట్టీ ఉంటుంది, దాని మీద వేలు జరిపితే స్వరం వంగుతుంది. అంటే గమకానికి చోటుంది. 1982లో 'బ్లేడ్ రన్నర్' అనే చిత్రానికి ఆయన ఇచ్చిన సంగీతం ఆల్బమ్‌గా 1994లో గాని రాలేదు. అందులో మొదట్లోనే స్వరం పైకి లేచి, వణికి, దిగే తీరు వినండి. ఆ పెళ్లిలోని సన్నాయి పెద్దాయనకు వినిపించగలిగితే ఇక్కడ ఊపిరి ఉందని ఒప్పుకునేవాడేమో.

ఇప్పుడు పరీక్ష. మనుయెల్ గాట్‌షింగ్ అనే బెర్లిన్ వాద్యగాడు 1981 డిసెంబరులో ఒక సాయంత్రం తన స్టూడియోలో కూర్చొని ఒక గంటసేపు, ఒకే దఫాలో, ఒంటరిగా వాయించాడు. విమానంలో వినడానికి తనకోసం చేసుకున్న రికార్డింగు అది. 1984లో 'ఈ2-ఈ4' అన్న పేరుతో విడుదలైంది. చదరంగంలో రాజు ముందున్న బంటును రెండు గళ్లు నడిపే మొదటి ఎత్తు అది. గంటసేపూ రెండే కార్డ్‌ల (కలిపి పలికే స్వరాల గుంపుల) మధ్య ఊగుతూ ఉంటుంది. దాదాపు సగం దాటాక గాని ఆయన గిటారు అందుకోడు. ఆ గిటారు మొదలయ్యే క్షణం కోసం అరగంట కూర్చోవాలి. ముందుకు జరిపి విన్నారంటే అందులో ఏమీ లేదనిపిస్తుంది, మామూలు గిటారు. అరగంట విని అక్కడికి చేరితే, రాగాలాపన అంతా అయ్యాక మృదంగం మీద మొదటి దెబ్బ పడినట్టుంటుంది. దీన్ని ఒక నెల తర్వాత వినండి, ఇప్పుడే కాదు.

షిఫ్టు దిగి వచ్చాక తెల్లవారుజామున నిద్ర పట్టడం లేదని కూడా రాశారు కదా. దానికి ఇంగ్లండు మనిషి బ్రయన్ ఈనో 1978లో చేసిన 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్' ఉంది. వేరువేరు పొడవులున్న టేపు ముక్కలను ఉంగరాల్లా అతికించి ఒకేసారి తిప్పుతాడు. పొడవులు వేరు కాబట్టి అవి ఎదురుపడే తీరు ప్రతిసారీ మారుతూ ఉంటుంది. రెండు రాట్నాలు పక్కపక్కన తిరుగుతున్నట్టు ఊహించుకోండి. రెండో భాగంలో కంఠస్వరాలు మాత్రమే ఉంటాయి. అది వింటూ నేను ఒక్కసారి కూడా చివరిదాకా మెలకువగా లేను. దాన్ని పొగడ్తగానే తీసుకోండి.

జాబితాల్లో సాధారణంగా మగవాళ్లే ఉంటారు. చరిత్ర అలా లేదు. మూగ్ వాద్యాన్ని జనం ఇళ్లలోకి తెచ్చిన రికార్డు వెండీ కార్లోస్ 1968లో చేసిన 'స్విచ్డ్-ఆన్ బాక్'. అప్పటి మూగ్ ఒకసారికి ఒకే స్వరం పలికేది. బాక్ అనే పాతకాలపు జర్మన్ స్వరకర్త రచనలోని వరసలన్నింటినీ ఒక్కొక్కటిగా వాయించి, టేపు మీద ఒకదాని పక్కన ఒకటి పేర్చింది. మగ్గం పని లాంటిది. బరంపురం పట్టు నేసే ఇళ్ల మధ్య పెరిగినవాణ్ని కాబట్టి నాకు ఆ పోలికే తోస్తుంది. బాక్ పాతవాడే అయినా శబ్దం ఏ పాత వాద్యాన్నీ అనుకరించదు, అందుకే ఇష్టం. లారీ స్పీగెల్ 1980 నాటి 'ది ఎక్స్‌పాండింగ్ యూనివర్స్'ను బెల్ ల్యాబ్స్‌లోని కంప్యూటరుతో చేసింది. ఆమె చేసిన ఇంకొక రచన 1977లో వాయేజర్ నౌకలతో పాటు అంతరిక్షానికి వెళ్లింది. సూజన్ చానీ 1982 నాటి 'సెవెన్ వేవ్స్' పేరుకు తగ్గట్టే ఏడు అలలు. మీరు ఎప్పుడైనా గోపాల్‌పూర్ వస్తే దీపస్తంభం వైపు ఇసుకలో కూర్చొని వినండి. ఒక చెవి సముద్రానికి వదిలేయండి.

ఇదంతా తెల్లవాళ్ల సరుకు అనుకునేవాళ్లకు ఒక మాట. అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో 1969లోనే మూగ్ సింథసైజర్‌తో ఒక స్టూడియో వెలిసింది. డేవిడ్ ట్యూడర్ అనే అమెరికన్ వచ్చి అమర్చిపెట్టాడు. గీతా సారాభాయి, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపురా లాంటివాళ్లు అక్కడ ప్రయోగాలు చేశారు. ఆ టేపులు అటక మీద ఉన్నట్టు ఉండిపోయి 2023లో 'ది ఎన్ఐడీ టేప్స్' పేరుతో బయటికొచ్చాయి. ఆల్బమ్‌గా సాఫీగా సాగదు, ముక్కలు ముక్కలుగా ఉంటుంది, కొన్ని ముక్కలు ఒట్టి పరికరం పరీక్షలే. అయినా మన దేశంలో ఒక మనిషి మొదటిసారి ఆ నాబ్ తిప్పి ఏం వచ్చిందో వింటున్న క్షణాలవి.

కొత్తవాటి గురించి నాకంటే మా మేనల్లుడు బాగా చెప్పగలడు. వాడి పుణ్యాన విన్నవాటిలో రెండు నిలిచాయి. ఎఫెక్స్ ట్విన్ 1992 నాటి 'సెలెక్టెడ్ యాంబియంట్ వర్క్స్ 85-92', స్కాట్లండు అన్నదమ్ముల బృందం బోర్డ్స్ ఆఫ్ కెనడా 1998 నాటి 'మ్యూజిక్ హాజ్ ది రైట్ టు చిల్డ్రన్'. రెండోదానిలో స్వరాలు ఎప్పుడూ కాస్త వంకరగా, ఎండకు సాగిపోయిన క్యాసెట్టులా వినిపిస్తాయి. క్యాసెట్టు కాలం వాణ్ని కాబట్టి నాకు ముందు కోపం వచ్చింది, తర్వాత బెంగ వచ్చింది. క్లౌస్ షుల్ట్‌సే చేసిన 'టైమ్‌విండ్' మాత్రం ఇప్పుడప్పుడే ముట్టుకోకండి. మొదటి భాగమే అరగంట. గొప్పదే, కానీ అది రెండో తరగతి పిల్లవాడికి పదో తరగతి లెక్క.

మీ స్నేహితుడు ఇచ్చిన జాబితా తప్పని నేను అనను. అందులో ఏది ఎప్పుడు వచ్చిందో ఆ వరసలో పేర్చి ఉంటాడు. వినడానికి ఆ వరస పనికిరాదు. ఈ వారం 'టెన్ రాగాస్'లో భూపాలీ, మాల్కౌంస్ రెండే వినండి. వచ్చే వారం కోరాపుట్ బండి ఎక్కండి. ఆ తర్వాత 'ఫేడ్రా'. చైత్రంలో మజ్జిగౌరమ్మ యాత్రకు మేము రాయగడ వస్తాం, మా తోడల్లుడి ఇల్లు అక్కడే. అప్పటికి పదిహేడు నిమిషాలూ దాటి ఉంటే వచ్చి చెప్పండి, టీ తాగుతూ రెండోసారి కలిసి విందాం. 'ఈ2-ఈ4' మాత్రం నేను లేనప్పుడు వినండి. గంటసేపు మాట్లాడకుండా కూర్చోవడం నా జాతకంలో లేదని మా ఆవిడ అంటుంది.